14-7: గెలిచాం సరే, ఆఫెన్స్‌కి మాత్రం అర మార్కే

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి మూడున్నర. ఒకటో ర్యాంకు టీమ్‌ని ఓడించాక కూడా మూడున్నరేనా అని మన ఒహాయో స్టేట్ బకైస్ జనం నా మీద పడతారని తెలుసు. పడండి. ఆ మూడున్నరలో మూడు డిఫెన్స్‌వి. మిగిలిన అర తక్కినవాళ్లందరూ కలిసి పంచుకోవాలి.

మ్యాచ్ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2025 ఆగస్టు 30, శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి, కొలంబస్‌లో మన ఒహాయో స్టేట్‌కీ టెక్సస్‌కీ అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్. సీజన్‌లో ఇద్దరికీ ఇదే మొదటి మ్యాచ్. అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) ర్యాంకుల్లో వాళ్లు ఒకటి, మనం మూడు. సీజన్ మొదలవకముందే ఒకటో ర్యాంకు రావడం టెక్సస్‌కి వాళ్ల చరిత్రలో ఇదే మొదటిసారి. మనమేమో మొన్న జనవరి 20న అట్లాంటాలో నోటర్ డేమ్‌ని 34-23తో ఓడించిన చాంపియన్లం. మరి చాంపియన్లకి మూడో ర్యాంకేంటి అంటారా? ఆ టీమ్‌లో 14 మందిని ఏప్రిల్‌లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ ఎత్తుకుపోయింది. డిఫెన్స్ ముందు వరసలో నలుగురికి నలుగురూ పోయారు. పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ పోయాడు. డిఫెన్స్ నడిపిన జిమ్ నోల్స్ పెన్ స్టేట్‌కి, ఆఫెన్స్ నడిపిన చిప్ కెల్లీ లాస్ వేగస్ రైడర్స్‌కి వెళ్లిపోయారు. చాంపియన్ అన్న పేరు మాత్రం మిగిలింది.

నేను పక్షపాతిని, దాచుకోను. ఇక్కడే ఎమ్మెస్ చేశా, ఇక్కడే ఉద్యోగం, ఇక్కడే పిల్లాడు పుట్టాడు. పక్క సీట్లో కూర్చున్నది మా బావగారు. ఆయన చదివింది ఆస్టిన్‌లో, ఉండేది డాలస్ దగ్గర. ఈ మ్యాచ్ కోసమే ఆ టెక్సస్ ఇటిక రంగు చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ దిగారు. మా ఆయనకి ఫుట్‌బాల్ పడదు, పిల్లాడితో ఇంట్లోనే ఉండిపోయారు. టికెట్ ఎంతైందో ఇక్కడ రాయను, ఆయన చదువుతారు.

స్టేడియం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1922లో కట్టింది, గుర్రపు నాడా ఆకారం, లక్షా రెండు వేల పైచిలుకు సీట్లు, ఒక్కటీ ఖాళీ లేదు. బ్యాండ్ వాళ్లు నడుచుకుంటూ "ఒహాయో" అని అక్షరాలు రాసి, చివర్లో సూసఫోన్ మోసేవాడు వచ్చి చుక్క పెట్టేటప్పుడు బావగారు కూడా లేచి నిలబడ్డారు. "మర్యాద కోసమమ్మా" అన్నారు. నేనేం అడగలేదు. ఆ పొద్దున్నే ఊళ్లో ఇంకో హడావుడి. ఈఎస్‌పీఎన్ కాలేజ్ గేమ్‌డేలో లీ కోర్సోకి అది ఆఖరి షో. మస్కట్ తలకాయ నెత్తిన పెట్టుకుని ఎవరు గెలుస్తారో చెప్పే ఆ అలవాటు ఆయన 1996లో మొదలుపెట్టింది కొలంబస్‌లోనే, అదీ మన బ్రూటస్ తలతోనే. తొంభై ఏళ్ల పెద్దాయన ఆఖరిసారీ బ్రూటస్‌నే ఎత్తుకున్నారు. బావగారు ఫోన్‌లో అది చూసి "ముసలాయన్ని మొహమాటపెట్టారు మీవాళ్లు" అన్నారు. అన్నట్టు ఇంత చేసీ మ్యాచ్ వచ్చింది ఈఎస్‌పీఎన్‌లో కాదు, ఫాక్స్‌లో.

ఇక అసలు సంగతి. ఈ మ్యాచ్ మొత్తం ఒక్క యార్డు దగ్గర తేలిపోయింది.

మూడో క్వార్టర్. మనం 7-0తో ముందున్నాం. ఆ ఏడూ రెండో క్వార్టర్‌లో సీజే డొనాల్డ్‌సన్ ఒక యార్డు నుంచి దూరి చేసిన టచ్‌డౌన్‌వి. వెస్ట్ వర్జీనియా నుంచి ఈ ఏడే వచ్చాడు, బండలాంటి మనిషి. ఇప్పుడు టెక్సస్ మెల్లగా, ఓపిగ్గా మన గోల్ గీత దాకా వచ్చింది. నాలుగో డౌన్, ఇంకా ఒక యార్డు. ఫుట్‌బాల్ కొత్తవాళ్లకి చెప్తున్నా, నాలుగో ఛాన్సులో ఆ యార్డు రాకపోతే పాయింట్లూ ఉండవు, బంతీ ఉండదు. ఫీల్డ్ గోల్ కొట్టి మూడు పాయింట్లు తెచ్చుకోవచ్చు. టెక్సస్ కోచ్ స్టీవ్ సార్కీసియన్ కొట్టనన్నాడు. నేనైనా అదే చేసేదాన్ని. యార్డు దూరంలో ఉండి మూడు పాయింట్లకి సరిపెట్టుకోడానికి ఒకటో ర్యాంకు ఎందుకు? కానీ పిలిచిన ఆట చూడండి. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్, బంతి అందించే సెంటర్ వెనకే చేతులు పెట్టి నిలబడ్డాడు. ఆరడుగుల నాలుగంగుళాల కుర్రాడు, తల వంచి ముందుకి దూసుకుపోవడమే. స్టేడియంలో పాప్‌కార్న్ తింటున్న పిల్లాడికి కూడా తెలిసిపోయింది ఏం రాబోతోందో.

మన ముందు వరస ఎంత కిందికి వంగిందంటే, చేతివేళ్లు కాదు, మోచేతులు గడ్డిని తాకుతున్నాయేమో అనిపించింది. బంతి కదలగానే అందరూ ఒక్కసారి ముందుకి పడ్డారు. మాకు కనబడింది గుట్ట మాత్రమే. ఎవరి కాలు ఎవరిదో తెలీదు. ఆ గుట్ట ముందుకి జరగలేదు. అంతే, అదొక్కటే చూడాలి అలాంటప్పుడు: బంతి ఎక్కడుందో వెతక్కూడదు, గుట్ట ఎటు జరుగుతోందో చూడాలి. రిఫరీలు మనుషుల్ని ఒక్కొక్కరినీ లాగేసేలోపే మనవాళ్లు బంతి మనదేనని చేతులు ఊపేస్తున్నారు. కింద నుంచి పైదాకా కాంక్రీటు అదిరింది. నా గొంతు అక్కడే పోయింది, సోమవారం ఆఫీసు మీటింగులో కూడా రాలేదు.

బావగారు ఏం మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడతారు? జనవరి 10న కాటన్ బౌల్ సెమీఫైనల్‌లో కూడా ఇదే కథ. అప్పుడూ మన మీదే, అప్పుడూ ఒక్క యార్డు. అప్పుడు పక్కకి తిప్పబోయి వెనక్కి యార్డులు పోగొట్టుకున్నారు, తర్వాత నాలుగో డౌన్‌లో మన జాక్ సాయర్ వాళ్ల క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి ఊడగొట్టి, దాన్నే పట్టుకుని 83 యార్డులు పరిగెత్తాడు. 28-14. ఆ రోజు పక్కకి వెళ్లి చెడ్డారు కాబట్టి ఈసారి నేరుగా వెళ్దామనుకున్నట్టున్నారు. నేరుగా వెళ్తే ఇలా అయింది. సాయర్ ఇప్పుడు పిట్స్‌బర్గ్‌లో ఆడుతున్నాడు, మన వరసంతా కొత్తవాళ్లు, అయినా ఆ యార్డు మాత్రం ఇవ్వలేదు. మ్యాచ్ మొత్తమ్మీద టెక్సస్ నాలుగో డౌన్‌లో అయిదుసార్లు ప్రయత్నించి ఒక్కసారే గట్టెక్కింది. నా మూడు మార్కులూ ఇక్కడే పడ్డాయి.

డిఫెన్స్ కొత్త గురువు మ్యాట్ పట్రిషియా. చెవి మీద పెన్సిల్ పెట్టుకుని తిరిగే ఆయనే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్యాట్రియట్స్ టీమ్‌తో సూపర్ బౌల్స్ చూశాడు, డెట్రాయిట్‌లో హెడ్ కోచ్‌గా చేసి మధ్యలోనే పోగొట్టుకున్నాడు. ఆయన్ని తీసుకున్నప్పుడు ఊళ్లో చాలామంది పెదవి విరిచారు. కాలేజీ పిల్లలకి ఎన్‌ఎఫ్‌ఎల్ చదువు ఎక్కదని. శనివారం చూస్తే ఆ చదువే గెలిపించింది. వెనక వరసలో ఆడే కేలెబ్ డౌన్స్‌ని ఒక చోట నిలబెట్టి ఇంకో చోటికి పంపడం, బంతి కదిలే ముందు ఒక ఆకారం, కదిలాక ఇంకో ఆకారం. మ్యానింగ్ బంతి పట్టుకుని చూస్తాడు, మళ్లీ చూస్తాడు, ఈలోపు ఎవరో ఒకరు మీదకి వచ్చేస్తారు. లైన్‌బ్యాకర్ ఆర్వెల్ రీస్ పేరు రాసిపెట్టుకోండి. నిరుడు ఇతన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. శనివారం ఎటు చూసినా ఇతనే. సనీ స్టైల్స్ పక్కన ఆడుతుంటే మధ్యలో దారి మూసేసినట్టే. సనీ అన్న లోరెంజో కూడా వెనక వరసలో ఉన్నాడు, స్టైల్స్ ఇంట్లో ఆ రోజు వంట ఎవరు చేశారో! రెండో సగంలో జర్మైన్ మాథ్యూస్ జూనియర్ మ్యానింగ్ పాస్‌ని లాగేసుకున్నాడు, అది ఇంకో ముచ్చట.

ఇక మ్యానింగ్ గురించి. మా చుట్టుపక్కల సీట్లలో "ఓవర్‌రేటెడ్" అని అరుపులు. నాకు నచ్చలేదు. తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై, ఇంటిపేరే బరువు. నిరుడు రెండే రెండు మ్యాచ్‌లు మొదటి నుంచీ ఆడాడు. మూడో దానికి తెచ్చి లక్షమంది అరిచే చోట, చాంపియన్ల మీద నిలబెట్టారు. 30 పాస్‌లకి 17 చేరాయి, 170 యార్డులు, చాలావరకు ఆఖరి క్వార్టర్‌లోనే. భుజం పైనుంచి వెయ్యాల్సినవి నడుం పక్కనుంచి విసిరి రిసీవర్ల కాళ్ల దగ్గర పడేశాడు. బాగా ఆడలేదు, నిజం. కానీ ఆఖర్లో పార్కర్ లివింగ్‌స్టోన్‌కి వేసిన 32 యార్డుల టచ్‌డౌన్ చూసినవాళ్లెవరూ ఈ అబ్బాయికి ఆట రాదనరు. ఇంకా 3:28 మిగిలి ఉండగా 14-7 అయింది. బావగారు అప్పుడు లేచారు. మర్యాద కోసం కాదు.

ఇప్పుడు మనవాళ్ల ఆఫెన్స్. ఇక్కడే నాకు మంట.

టెక్సస్ మొత్తం 336 యార్డులు చేసింది. మనం 203. మన సొంత ఊళ్లో, మన మైదానంలో! పరుగు మీద వచ్చినవి 77. అంకెలు మాత్రమే చూపించి ఎవరు గెలిచారని అడిగితే వందలో తొంభైమంది టెక్సస్ అంటారు. మ్యాచ్ అయ్యాక "గెలుపు గెలుపే" అని మెసేజ్‌లు పెట్టినవాళ్లు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చూడండి.

మన క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్‌ని నేనేం అనను. కాలిఫోర్నియా కుర్రాడు, ముందు అలబామా వెళ్లాడు, అక్కడ నిక్ సేబన్ రిటైరైపోగానే మన దగ్గరికొచ్చాడు. లింకన్ కీన్‌హోల్జ్‌తో పోటీపడి ఆగస్టులోనే చోటు ఖాయం చేసుకున్నాడు. కాలేజీలో మొదటి నుంచీ ఆడిన మొట్టమొదటి మ్యాచ్ ఇదే, అదీ ఒకటో ర్యాంకు వాళ్ల మీద. 20కి 13, 126 యార్డులు, ఒక టచ్‌డౌన్, ఒక్క బంతీ ఎదుటివాళ్ల చేతికివ్వలేదు. చెయ్యమన్న పని తప్పులేకుండా చేశాడు. నా గొడవ చెయ్యమన్న పనితోనే. నాలుగో క్వార్టర్ మొదట్లో రిసీవర్ కార్నెల్ టేట్‌కి ఎండ్ జోన్‌లోకి 40 యార్డుల పాస్ వేశాడు. స్కోరు 14-0. మనవాడు బంతి వదిలిన చప్పుడు కూడా వినపడదు, అంత తేలిగ్గా విసిరాడు. ఆ ఒక్కటి తీసేస్తే? చేరిన పన్నెండు పాస్‌లకి 86 యార్డులు. అంటే ఒక్కోదానికి ఏడు. భుజంలో అలాంటి బాణాలున్నవాడితో రోజంతా గులకరాళ్లు వేయించారు.

ఈ 2025 సీజన్‌లో కొత్తగా ఆఫెన్స్ ఆటలు పిలిచింది బ్రయన్ హార్ట్‌లైన్. రిసీవర్లని తయారుచేయడంలో ఆయన్ని మించినవాడు లేడు, సందేహం లేదు. పక్కనే హెడ్ కోచ్ రయన్ డే. కొత్త కుర్రాడు, గట్టి ప్రత్యర్థి, డిఫెన్స్ కాపాడుతోంది, మనం తప్పు చెయ్యకపోతే చాలు అనుకున్నారు. అర్థమవుతుంది. బావగారూ అదే అన్నారు, "మీ కోచ్ తెలివిగా ఆడాడమ్మా, మావాడే తొందరపడ్డాడు" అని. ఓడిన టీమ్ మనిషి మెచ్చుకుంటే నాకు ఇంకా అనుమానం వస్తుంది. ఆ గోల్ లైన్ దగ్గర గుట్ట ఇంకో రెండడుగులు జరిగి ఉంటే 7-7, అప్పుడు ఇదే ప్లాన్‌ని తెలివి అనేవాళ్లా?

జెరెమయా స్మిత్‌ది వేరే కథ. దేశంలోకెల్లా గొప్ప రిసీవర్ అని అందరూ ఒప్పుకున్న మనిషి. జనవరిలో ఇదే టెక్సస్ అతన్ని ఒకే ఒక్క క్యాచ్‌కి, 3 యార్డులకి కట్టేసింది. ఈసారి ఆరు క్యాచ్‌లు, 43 యార్డులు. నయమే కదా అంటారు. కానీ చేతిలోకొచ్చినవి కూడా జారాయి. స్మిత్ చేతుల్లోంచి బంతి జారితే చుట్టూ జనం తిట్టరు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. టెక్సస్ ఇద్దరేసి మనుషుల్ని అతని మీదకి తోలుతోంది, అదీ నిజమే. అలాంటప్పుడు టేట్‌కి ఇంకో రెండుమూడు లోతు పాస్‌లు పడితే ఆ ఇద్దరిలో ఒకడు పక్కకి జరిగేవాడు. ఇది నేను చెప్పాల్సిన పనా?

నా భయం ఎక్కడి నుంచి వస్తోందో తెలిసినవాళ్లకి తెలుసు. నిరుడు నవంబర్ ఆఖర్లో ఇదే స్టేడియంలో మిషిగన్ మీద 13-10తో ఓడాం. వరసగా నాలుగో ఏడు. ఆ రోజూ ఇంతే, డిఫెన్స్ ప్రాణం పెట్టి ఆడుతుంటే ఆఫెన్స్ మధ్యలోకి పరిగెత్తుతూ, గోడని గుద్దుకుంటూ, టైమ్ గడిపింది. ఆ తర్వాత ప్లేఆఫ్‌లో పగ్గాలు వదిలేసి ఆడారు, కప్పు వచ్చింది. శనివారం నేను చూసింది ప్లేఆఫ్ ఆఫెన్స్ కాదు, నవంబర్ ఆఫెన్స్. మిషిగన్ కోచ్‌లు ఈ మ్యాచ్ వీడియో చూసి కంగారుపడతారని నేననుకోను.

ఆఖరి రెండు నిమిషాలూ నిలబడే చూశాం. టెక్సస్ చేతిలో మళ్లీ బంతి, ఏడు పాయింట్ల తేడా. ఎవరో వెనక నుంచి "ఓ-హెచ్" అంటే జవాబుగా "ఐ-ఓ" అనే ఓపిక కూడా లేదు నాకు. మళ్లీ నాలుగో డౌన్. మ్యానింగ్ పాస్ వేశాడు, వాళ్ల ఎండ్రీస్ పట్టుకున్నాడు కూడా, కానీ దాటాల్సిన గీతకి ఇవతలే పడగొట్టారు. ఎంత దూరం అని అడక్కండి, బావగారి ముందు ఆ మాట ఎత్తలేను. ఒహాయో స్టేట్ సీజన్ తొలి మ్యాచ్ ఓడింది ఆఖరిసారి 1999లో. ఆ లెక్క ఇంకో ఏడాది నిలిచింది.

స్టేడియం అనుభవం కూడా రాయమంటారు కాబట్టి గబగబా. మధ్యాహ్నం ఆట నాకు ఇష్టం లేదు. ఇంత పెద్ద మ్యాచ్‌ని రాత్రి దీపాల కింద ఆడించాలి, టీవీ వాళ్ల సౌకర్యం కోసం ఎండలో కూర్చోబెట్టారు. కూర్చునేది వీపు ఆనని బెంచీ, వీపు నొప్పి ఉన్నవాళ్లు మెత్తటిది ఏదైనా తెచ్చుకోండి. లోపల కనబడే సంచీ తప్ప ఇంకేదీ గేటు దాటనివ్వరు, హ్యాండ్‌బ్యాగ్ కారులోనే వదిలేయండి. ఎదుటి టీమ్ చొక్కా వేసుకున్నవాళ్లని ఇబ్బంది పెడతారా అని అడుగుతుంటారు. మా బావగారిని ఆటపట్టించారు గానీ హద్దు దాటలేదు. ముందు వరసలో ఓ పెద్దావిడ మ్యాచ్ అయ్యాక ఆయనకి చెయ్యి కలిపి "మీ డిఫెన్స్ కూడా బాగుంది" అంది. అది నిజం కూడా. మనల్ని 203కి ఆపినవాళ్లు ఆషామాషీగా ఆడినట్టు కాదు. గెలిచాక టీమ్ అంతా చేతులు చేతులు పట్టుకుని మన యూనివర్సిటీ పాట కార్మెన్ ఒహాయో పాడేదాకా ఉండండి, పార్కింగ్‌లో ఎలాగూ కదలరు.

సెప్టెంబర్ 6న గ్రాంబ్లింగ్ స్టేట్, ఆ తర్వాత మన రాష్ట్రంలోదే ఒహాయో యూనివర్సిటీ. ఆ రెండిట్లో ఎంత స్కోరు చేసినా నేను మార్కులు మార్చను. సెప్టెంబర్ 27న సియాటిల్‌లో వాషింగ్టన్ మీద, పరాయి గడ్డ మీద, మొదటి క్వార్టర్‌లోనే సేయిన్‌తో లోతుకి వేయిస్తారా లేదా, అది చూస్తా. వేయిస్తే నాలుగున్నరకి పెంచుతా. వేయించకపోతే నవంబర్ 29న ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ మ్యాచ్‌కి టికెట్లు కొనే ఆలోచన మానుకుంటా. 2026లో దీనికి రిటర్న్ మ్యాచ్ టెక్సస్ సొంత ఊరు ఆస్టిన్‌లో ఉంది. దానికి మాత్రం వెళ్లక తప్పదు. ఈసారి టికెట్లు బావగారే కొనాలని ఎయిర్‌పోర్టుకి వెళ్లే దారిలోనే మాట తీసుకున్నా.